సరుగుడు తోటలో తిన్నగా పోయే డిస్కు

గురువారం.

డిస్కుని చెట్ల మధ్య నుంచి బుట్టలోకి విసిరే ఆటలో మొన్న ఆదివారం నావన్నీ సరుగుడు మానులకే తగిలాయి. "ఏటి బావా, సెట్లకి మొక్కు తీర్సుకుంతన్నావా?" అని మా చెల్లెలి మొగుడు అప్పలరాజు అందరిలో వెక్కిరించాడు. ఆ నవ్వు వాడి నోట్లోనే కుక్కాలి.

ఈరోజు వన్ టౌన్‌లో ఓడల మీద వచ్చిన సరుకు అమ్మే కొట్టులో రెండు డిస్కులు కొని, తోటకెళ్ళి విసిరి చూశాను. మందపు అంచుది నెమ్మదిగా, తిన్నగా పోయింది. అది నాకు. పలచటి అంచుది దూరం పోయి, చివర్లో ఎడమకి తిరిగి చెట్టుకి కొట్టుకుంది. అది అప్పలరాజుకి కానుక!

"నా మీద కోపం నేదా బావా?" అన్నాడు పాపం, సాయంత్రం ఇవ్వబోతే.

"కోపమేటి? ఇది శానా దూరం పోద్ది, తీసుకో."

అబద్ధమేం ఆడలేదు. కానీ పలచటిది బలంగా విసిరితే తిన్నగానే పోతుందని కొట్టువాడు అన్న మాట ఇప్పుడు గుర్తొస్తోంది. అప్పలరాజేమో పోర్టులో బస్తాలెత్తే మనిషి...