కొట్టేయించిన పాఠం

14 జూలై 1999, బుధవారం

మా వీధిలో ఆప్టికల్ ఫైబర్ కేబులు కోసం గొయ్యి తవ్వుతున్నారు. గాజుపోగులో వెలుగు పరుగెత్తి మాటలు మోస్తుంది. ఆ వెలుగు విద్యుత్తూ అయస్కాంతమూ కలిసి లేపే అల అని చెప్పే పాఠం మాత్రం మనవరాలి ఇంటర్ పుస్తకంలో పెన్సిలుతో కొట్టేసి ఉంది.

"లెక్చరర్ గారే కొట్టేయమన్నారు నానమ్మా. ఎంసెట్‌లో బిట్లు రావంట. వెలుగుకీ కరెంటుకీ చుట్టరికం ఏంటండీ అంటే క్లాసయ్యేదాకా నిలబెట్టారు. ఇంక నేనేం అడగను," అంది శిరీష.

ఆ చివరి మాటకి ఒళ్లు మండింది. ఫిజిక్సులో రీసెర్చి చేస్తానన్న పిల్ల. ఆ పెద్దమనిషిని కడిగేద్దామని చెప్పులేసుకుని కాలేజీకి వెళ్లాను.

నన్ను చూడగానే లేచి నమస్కారం పెట్టాడు. "మేడం, నేను మీ స్టూడెంట్‌నండీ. మీరూ ఆ పాఠం దగ్గర, ఇంపార్టెంట్ కాదు, వదిలెయ్యండి అనేవారు కదండీ."

అన్నాను. సర్వీసంతా అన్నాను. పైగా వెధవ కాఫీ తెప్పించాడు, తాగి వచ్చాను.

ఇంటికొచ్చి రబ్బరుతో ఆ గీత చెరిపాను. శిరీషను పిలిచి, "ఇప్పుడు అడుగు," అన్నాను.

"ఏం లేదులే నానమ్మా," అంది.