గుడి కప్పులో చిల్లు

తమ్ముడు సహాక్‌కు, అన్న దీవెనలు.

గుడి కప్పు బాగుచేయడానికి రాళ్లతో, మనుషులతో బయలుదేరుతున్నావని విన్నాను. వాళ్లను వెనక్కి పంపెయ్.

చిన్నబుచ్చుకోకు, సంగతి విను. గ్రీకుల చక్రవర్తి పంపిన దూత నా కోటలోనే మకాం వేశాడు. పూజలో వాళ్లలాగే మనమూ ద్రాక్షరసంలో నీళ్లు కలపాలట. కలిపితేనే, మన మీద పెత్తనం చేసే ఆ ముస్లిం అమీరు దండెత్తి వచ్చిననాడు సైన్యం పంపుతారట. కలిపితే, తాతలనాటి ఆచారం చెడగొట్టానని మన జనమే నా ముఖాన ఉమ్ముతారు. ఏం చెయ్యాలో తోచక కూర్చుంటే, మొన్న ఆదివారం పూజ వేళకు వాన పడింది. చిల్లులోంచి ఒక చుక్క సరిగ్గా ద్రాక్షరసం గిన్నెలో పడింది. దూత తృప్తిగా తలాడించాడు. మనవాళ్లు పాదిరి మూషెగ్‌ను నిలదీశారు.

"నేను పోశానా? పైవాడు పోశాడు. పోయి ఆయన్నే అడగండి" అన్నాడు ముసలాయన. నవ్వుకుంటూ ఇళ్లకు పోయారు.

నిన్న అమీరు మనిషి దిగాడు. తన అనుమతి లేనిదే గుడికి రాయి పెట్టకూడదని అమీరు ఆజ్ఞ కదా. కారుతున్న కప్పు చూసి, "మాట వినే మనిషివయ్యా" అని నా భుజం తట్టాడు.

నాన్న నీకు తాపీ ఇచ్చాడు, నాకు రాజ్యం ఇచ్చాడు. నీ పనే నయం. అలసిపోయాను, సహాక్. చుట్టపుచూపుగా ఒక్కడివే రా. చిల్లు పూడ్చకు, పెద్దది కాకుండా మాత్రం చూడు.

రేపు మళ్లీ ఆదివారం. మబ్బు జాడ లేదు. పొద్దుటి నుంచీ రైతులా ఆకాశంకేసి చూస్తున్నాను.

నీ అన్న