అద్దంలో ఆర్లెన్

నవంబర్ 14, శుక్రవారం, మధ్యాహ్నం మూడు

వచ్చేశాం. ఆరో చలికాలం. మా ఊరు డులూత్‌లో ఈపాటికి వాకిట్లో మంచు తవ్వుకుంటూ ఉంటారు. ఇక్కడ అరిజోనా ఎడారిలో ఆర్లెన్ చొక్కా విప్పేసి తిరుగుతున్నాడు. మాకు నలభై ఒకటో నంబరు సైటు ఇచ్చారు.

మోటార్ హోమ్‌ని, అంటే ఈ చక్రాల ఇంటిని, సైటులోకి రివర్స్ చేయడం ఈ క్యాంప్‌గ్రౌండ్ జనానికి ఉచిత వినోదం. కొత్త బండి గేటు దాటిందంటే చాలు, మడత కుర్చీలు పట్టుకొచ్చి కూర్చుంటారు. ఏ బండి చూసినా ఒకటే కథ. మొగుడు స్టీరింగ్ దగ్గర, పెళ్ళాం వెనకాల నిలబడి చేతులూపుతూ. తప్పు ఎవరిదైనా తిట్లు మాత్రం ఆవిడకి. మాది తిరగేసిన సంసారం. ఇరవై రెండేళ్ళు స్కూలు బస్సు తోలాను, అందులో పన్నెండేళ్ళు డ్రైవర్ల యూనియన్ నడిపాను. స్టీరింగ్ నాది. వెనక నిలబడేది ఆర్లెన్.

ముప్ఫై ఆరడుగుల బండి వెనక నాకు కనిపించేది పక్క అద్దంలో అతనొక్కడే. అరచెయ్యి నేలకి చూపిస్తే నెమ్మది. చెవి పట్టుకుంటే బండి తోక ఎడమకి. రెండు చేతులూ గుండెకి ఆనిస్తే, ఇక చాలు, ఆగు అని. అద్దంలోంచి అతను మాయమైతే ఎందుకు ఏమిటి అనకుండా బ్రేక్. ఇవి ఎవరో నేర్పినవి కావు. మొదటి ఏడాది మేమిద్దరం పోట్లాడుకుని, ఏడ్చి, నవ్వుకుని తయారు చేసుకున్నవి.

ఒక్క పట్టున పెట్టేశాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. గొడవ లేకపోతే వీళ్ళకి చూడ్డానికి ఏముంటుంది?

నవంబర్ 17, సోమవారం

పక్కన నలభై రెండులోకి కొత్తావిడ వచ్చింది. పేరు కోరిన్, ఊరు ఒహాయోలో ఏదో. మార్చిలో భర్త పోయాడు. ఒంటరిగా ఇదే మొదటి చలికాలం. పంతొమ్మిది చలికాలాలు పక్క సీట్లో కూర్చుని తిరిగిందట. రివర్స్ గేరు ఒక్కసారీ వెయ్యలేదట.

ఆవిడ బండి రోడ్డు మీదే వదిలేసి మా తలుపు తట్టింది. నేను పధ్నాలుగు రోజుల రూలు మీద కౌంటీ ఆఫీసుకి పిటిషన్ రాస్తున్నాను. ఒకే సైటులో పధ్నాలుగు రోజులకి మించి ఉండకూడదు. గడువు నిండిన పొద్దునే సామాను సర్దుకుని ఇంకో సైటులోకి మారాలి. ముసలాళ్ళు నేలలోకి వేళ్ళు దించేస్తారని వీళ్ళ భయం. రెండు కొండలూ నాలుగు ఇళ్ళూ ఉన్నవాడికి ఏ రూలూ లేదు. చక్రాల మీద బతికేవాడికి మాత్రం పధ్నాలుగు రోజులు! అప్పుడే మంచి పేరా ఒకటి కుదురుతోంది.

స్కూలు బస్సు తోలింది మీరేనట కదా, కాస్త వచ్చి చూస్తారా అని అడిగింది. తల ఎత్తకుండానే ఆర్లెన్‌ని వెళ్ళమన్నాను.

ఇరవై నిమిషాల తర్వాత కిటికీలోంచి చూశాను. ఆవిడ బండి సైటులో కుదురుగా ఉంది. ఆర్లెన్ దాని వెనక నిలబడి ఉన్నాడు. రెండు చేతులూ గుండెకి ఆనించి.

నవంబర్ 18

అదే సైగ. మనిషికి ఇంకోటి దొరకలేదా?

నవంబర్ 21, శుక్రవారం

ఈర్ష్య అనేది సొంత ఆస్తి పుట్టించిన జబ్బని పదిహేనేళ్ళ కిందట కరపత్రం రాశాను. రెండు వేల కాపీలు పంచాం. మనిషి మనిషికి ఆస్తి కాడు, మొగుడు గ్యారేజీలో పెట్టి తాళం వేసే వస్తువు కాదు అని రాసింది ఈ చేతులే. ఇప్పటికీ ఒక్క మాట వెనక్కి తీసుకోను.

కాబట్టి దీన్ని ఈర్ష్య అనను. విమర్శ అంటాను. విమర్శ ఏమిటంటే: రోజూ పదింటికి వెనక ఖాళీ జాగాలో ఆర్లెన్ ఆవిడకి పాఠాలు చెప్తున్నాడు. ఆరెంజ్ రంగు బకెట్లు రెండు వరసలు పెట్టి, మధ్యలోంచి రివర్స్ చేయిస్తున్నాడు. బకెట్టు పడిపోతే ఆవిడ నవ్వుతుంది. ఆవిడ నవ్వితే ఇతనూ నవ్వుతాడు. కుర్చీల జనం అక్కడికి మారిపోయారు. నేను మొదటి ఏడాది బకెట్టు పడేసినప్పుడు ఎవరూ నవ్వలేదు.

మా సైగలు ఆవిడకెందుకు నేర్పావని అడిగాను. సైగలు సైగలే కదా, నీకో రకం ఆవిడకో రకం ఎక్కణ్ణుంచి తేవాలి అన్నాడు. వాదనగా చూస్తే సరైనదే. అందుకే ఒళ్ళు మండింది.

నవంబర్ 25, మంగళవారం

గడ్డం గీసుకున్నాడు. ఎడారిలో. మంగళవారం నాడు.

నవంబర్ 27, థాంక్స్‌గివింగ్, సాయంత్రం అయిదు

రేకుల పందిరి కింద బల్లలు కలిపి అందరం ఒకచోట తిన్నాం. టర్కీ కోడిని కాల్చింది క్లెట్. ఇతను క్యాంప్ హోస్టు. ఉచితంగా సైటు ఇచ్చినందుకు చలికాలమంతా మరుగుదొడ్లు కడుగుతాడు, గేటు కాస్తాడు. దాన్ని కూలి ఎగ్గొట్టడం అంటారని మూడేళ్ళుగా చెప్తున్నాను. కడగడానికి మరుగుదొడ్డి ఉంది, చూడ్డానికి సూర్యాస్తమయం ఉంది, నన్ను వదిలెయ్ రోవెనా అంటాడు.

నేను మా ఊరి చెరువుల్లో పండే వైల్డ్ రైస్ వండి పట్టుకెళ్ళాను. కోరిన్ చిలగడదుంపల వంటకం తెచ్చింది. ఆవిడ గిన్నె అడుగు గీకి మరీ తిన్నారు. నా గిన్నెలో మూడొంతులు మిగిలింది. ఆర్లెన్ రెండుసార్లు వడ్డించుకున్నాడు, ఏ గిన్నెలోంచో రాయను.

అప్పుడు క్లెట్ గరిటె ఊపుతూ అన్నాడు: "ఆర్లెన్, ఒక బండికి సైగ చేసేవాణ్ణి మొగుడంటారు. రెండు బండ్లకి చేసేవాణ్ణి ట్రాఫిక్ పోలీసంటారు. నువ్వు జీతం అడగవోయ్."

పందిరంతా నవ్వింది. ఆర్లెన్ చెవుల దాకా ఎర్రబడ్డాడు. నేను లేచాను. నవ్వులాటకి కాదు కదా మనం ఇక్కడ ఉన్నది అని మొదలుపెట్టాను. ఏళ్ళ తరబడి ఆడదాన్ని పక్క సీట్లో కూర్చోబెట్టి, మొగుడు పోయాక ఇంకొకరి మొగుడి చేతుల వంక చూసేలా చేసే వ్యవస్థ గురించి మాట్లాడాను. తడబడకుండా, బాగానే మాట్లాడాను.

కోరిన్ స్పూను కింద పెట్టింది. గొంతు పెంచలేదు.

"నేను ముందు తట్టింది మీ తలుపే రోవెనా. మీరు తల ఎత్తలేదు."

ఎవరూ నవ్వలేదు. ఆవిడ గ్రేవీ గిన్నె పక్కవాళ్ళకి అందించింది. నేను కూర్చున్నాను.

నవంబర్ 28, శుక్రవారం

దగ్గర్లోని యూమా ఊళ్ళో ఆసుపత్రి. ఆర్లెన్‌ని ఆపరేషన్‌కి తీసుకెళ్ళారు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఇవాళ మారే రోజు. మాకు ముప్ఫై మూడో సైటు. పొద్దున్నించీ ఇద్దరికీ మాటల్లేవు. నేను రివర్స్ మొదలుపెట్టాను. అద్దంలో అతను అరచెయ్యి నేలకి చూపిస్తున్నాడు. సగం దూరం వచ్చాక తల తిప్పి పక్కకి చూశాడు. అటు కోరిన్ బండి ఉంది, గడువు ఇంకా మూడు రోజులున్నా మాతోపాటే మారిపోదామని ఇతని కోసమే ఎదురుచూస్తోంది. తల అటే ఉంది. ఒక్క క్షణం కాదు, మూడు. ఆ తర్వాత అద్దంలో లేడు.

రూలు నాకు తెలుసు. మాయమైతే బ్రేక్. వెళ్ళిపోయాడు, నన్ను సగం దారిలో వదిలేసి ఆవిడ దగ్గరికి పోయాడు అనుకున్నాను. అనుకుని, నా సైటులోకి నేను వెళ్ళడానికి నువ్వెందుకు అని యాక్సిలరేటర్ నొక్కాను.

అతను ఎక్కడికీ పోలేదు. వెనక చక్రానికి అడ్డంగా మంట కోసం తెచ్చిన కట్టె మొద్దు ఉంటే వంగి తీస్తున్నాడు. బంపరుకీ నీళ్ళ కుళాయి ఉన్న స్తంభానికీ మధ్య కుడి కాలు ఇరుక్కుంది. మోకాలి కింద రెండు ఎముకలూ విరిగాయి. కుళాయి ఊడిపోయి నీళ్ళు ఎగజిమ్ముతున్నాయి. ఆ నీళ్ళలో పడి ఉన్నాడు. కుర్చీల్లోంచి జనం లేచి పరిగెత్తారు. అందరికంటే ముందు చేరింది కోరిన్. నేను సీటు బెల్టు విప్పుకోలేకపోయాను.

క్లెట్ ఏం జరిగిందని అడిగాడు. కాలు జారి పెడల్ మీద పడిందన్నాను.

నవంబర్ 30, ఆదివారం

కాలిలో రాడ్ వేశారు. ఇవాళ మాట్లాడాడు. మొదటి మాట: "కోరిన్ బండి ఎలా పెట్టుకుంది?"

నా మొగుడు నా బండి కింద పడి లేచి అడిగిన మొదటి మాట అది. తెలియదన్నాను. నిజంగానే తెలియదు. చూడలేదు.

డిసెంబర్ 4

ఆసుపత్రికి ఆవిడ సూప్ పంపింది. వద్దనలేక తీసుకెళ్ళాను. అతను తాగుతుంటే స్పూనులు లెక్కపెట్టాను. పధ్నాలుగు.

కాలు జారిందన్న మాట ఇతనితో కూడా అన్నాను. తల ఊపాడు.

డిసెంబర్ 12, శుక్రవారం, మధ్యాహ్నం రెండు

మారే రోజు. ఆర్లెన్‌ని సోమవారం పంపిస్తామన్నారు. రూలుకి కాలు విరిగిందని తెలియదు కదా. క్లెట్ బాగా నొచ్చుకుంటూనే కొత్త చీటీ ఇచ్చాడు, తొమ్మిదో సైటు. ఇరుకు. కుడి పక్క బండరాయి.

రోడ్డు మీద ఇంజను ఆపి కూర్చున్నాను. అద్దంలో ఎడారి. ఇరవై రెండేళ్ళు అరవై మంది పిల్లల్ని మంచులో తోలినదాన్ని, ఆ అద్దం చూసి మళ్ళీ తాళం తిప్పలేకపోయాను. కోరిన్ నడుచుకుంటూ వచ్చింది. వెనక నిలబడతానంటుందేమో, ఏమని కాదనాలి అని మాటలు వెతుక్కుంటున్నాను. ఆవిడ వెనక్కి వెళ్ళలేదు. నా మెట్టు మీద కూర్చుంది.

"నేను నిలబడను తల్లీ. నీకు నచ్చదు, నాకూ భయం. దిగి చూడు. ఎక్కు, ఒక గజం పోనీ, మళ్ళీ దిగి చూడు. సిగ్గు పడకు, అంతే. ఆ రోజు అంబులెన్సు వెళ్ళిపోయాక నేను ఇరవై ఆరుసార్లు దిగాను."

ఇన్నాళ్ళ ట్రైనింగ్‌లో నాకీ మాట ఎవరూ చెప్పలేదని కాదు. ప్రతి డ్రైవరుకీ తెలిసిందే. కానీ చేసేవాళ్ళని చూసి నవ్వేవాళ్ళం. వెనక మనిషి లేనివాళ్ళు చేసే పని అది.

పదహారుసార్లు దిగాను. బండరాయికి బంపరుకి మధ్య జానెడు ఖాళీ వదిలి పెట్టాను. కుర్చీల జనం చూశారు, చూసుకోనీ. ఇంజను ఆపాక నాకొచ్చిన ఆనందం గురించి ఎవరికీ చెప్పలేను.

డిసెంబర్ 13

రాసేస్తాను. ఆర్లెన్‌ని ఎగరేసుకుపోతుందని కాదు నా కడుపుమంట. ఆవిడ అద్దం ఖాళీగా ఉంది, ఎవరి సైగ కోసమూ చూడక్కర్లేదు, అందుకు. మొగుడు పోయిన మనిషిని చూసి కుళ్ళుకున్నాను. దీని మీద ఏ కరపత్రమూ రాయలేదు.

డిసెంబర్ 15, సోమవారం

తీసుకొచ్చాను. మెట్లెక్కించడానికి క్లెట్, ఇంకో ఇద్దరు సాయం పట్టారు. తొమ్మిదో సైటులోకి బండి ఎవరు పెట్టారని అడిగాడు. నేనే. వెనక ఎవరు? ఎవరూ లేరు. కిటికీలోంచి బండరాయిని చాలాసేపు చూశాడు.

అప్పుడు చెప్పాను. కాలు జారలేదని, నొక్కానని, ఎందుకు నొక్కానో అంతా. పక్క బండివాళ్ళకి వినబడుతుందేమోనని కూడా చూసుకోలేదు.

ఆర్లెన్ అన్నాడు: "తెలుసు రోవెనా. నేను వంగాక బ్రేక్ లైటు వెలగనే లేదు. వెనకున్నవాణ్ణి, నాకు కనబడదా?"

రెండు వారాలు తెలిసే ఊరుకున్నాడు. నా అబద్ధానికి తల ఊపుతూ సూప్ తాగాడు. అరిచినా బాగుండేది, అరిచేవాడితో నాకు వాదించడం వచ్చు. మరి ఎందుకు అటు చూశావని అడిగాను. ఆవిడ సంతోషంగా ఉందా లేదా అని చూశానన్నాడు. పెట్టిన ప్రతిసారీ దిగి వచ్చి థాంక్స్ చెప్తుందన్నాడు. ఆరేళ్ళలో నువ్వు ఒక్కసారీ దిగి రాలేదు అని మాత్రం అనలేదు. అనకపోయినా వినబడింది.

థాంక్స్ చెప్దామనుకున్నాను. ఆలస్యమైన మాట నోట్లో పెట్టుకుని రాత్రి భోజనం వండాను.

డిసెంబర్ 20

కోరిన్ రేపు టెక్సస్ వెళ్ళిపోతోంది. ఒక్కతే. ఆర్లెన్ కుంటుకుంటూ వెళ్ళి చెయ్యి కలిపాడు. నేను కౌగిలించుకున్నాను. ఇద్దరిలో నేనే ఎక్కువసేపు పట్టుకున్నాను.

డిసెంబర్ 26, శుక్రవారం

ఇరవై రెండో సైటు. వెనక నిలబడతాను, కర్ర ఉంది కదా అన్నాడు. వద్దన్నాను. ఎండలో కుర్చీ వేసి, ఒళ్ళో కంబళి కప్పి కూర్చోబెట్టాను.

తొమ్మిదిసార్లు దిగి చూశాను. పదోసారి దిగినప్పుడు అతను బండి వంక చూడటం లేదు, కళ్ళు మూసుకున్నాడు. కంబళి కింద చేతులు రెండూ సైగలు చేస్తున్నట్టు కదులుతున్నాయి.