బావగారూ, ఇటలీ కొండా

రూవి, మస్కట్.

ప్రియమైన బావగారికి,

ప్రభువు నామంలో వందనాలతో మీ మరదలు ఎవాంజలిన్ రాసేది. ఫోన్ చేస్తే మీరు ఎత్తరు, ఎత్తితే మాట్లాడరు. పోయినసారి నేను "అలో, అలో" అంటుంటే అటునుంచి మీ దుక్మ్ ఎడారి గాలి తప్ప ఏమీ వినపడలేదు. అక్క పోయాక రూవి ఇల్లు ఖాళీ చేసి, అంత దూరం క్యాంపుకి అడిగి మరీ డ్యూటీ వేయించుకున్నారు. అక్కడైనా మనిషిలా ఉంటారనుకున్నాను.

మీ కంపెనీ బస్సు నడిపే కడపాయన జిలాని మొన్న మా ఆసుపత్రి గేటు దగ్గర ఆగి ఒక మాట చెప్పాడు. "మేడం, మనోహరం సారు సామాన్లన్నీ పంచిపెడతాండాడు. కుక్కరు రూమ్‌లో అఖీల్‌కిచ్చినాడు, కంబళి బెంగాలీ ఆయనకిచ్చినాడు. ఎందుకు సార్ అంటే, నాకింకేం పనబ్బా అంటాడు" అన్నాడు.

అది అక్క కుక్కరు. పాలకొల్లు నుంచి విమానంలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకుంది. దాన్నే ఇచ్చేశారంటే మీ మనసులో ఏముందో నాకు తెలియాలి. ఉత్తరానికైతే మాట్లాడక్కర్లేదు కదా, రాయండి.

ఇట్లు,
మీ మరదలు ఎవాంజలిన్

తా.క.: రొయ్యల పచ్చడి పంపుతున్నాను. దీన్ని కూడా పంచిపెట్టారని తెలిసిందో, ఈసారి సీసా నిండా ఉత్త ఉప్పు పంపుతాను.

---

దుక్మ్ క్యాంపు.

ఎవాకి, ఆశీస్సులు.

నేను బాగానే ఉన్నాను. పచ్చడి అందింది.

కుక్కరు సంగతి అడిగావు. ఒక్కడికి ఎంత వండాలి? బరువులన్నీ దింపుకుంటున్నాను. పైకి వెళ్ళేవాడికి సామాను ఎంత తక్కువుంటే అంత సుఖమని ఫాబ్రిజియో అనేవాడు. సాయంత్రాలు నాకు తోడు ఆయనొక్కడే. ఆయనా వెళ్ళిపోయాడు. పోతూ పోతూ, "అక్కడ నీకోసం చూస్తుంటాను మనోహర్" అన్నాడు. అక్కడ ఈ ఎండ ఉండదట. పచ్చటి కొండలు, పెద్ద అడవి. జింకలు మనిషిని చూసి పారిపోవట. ఇక్కడ దుమ్ము తప్ప ఏముంది?

నాకోసం దిగులు పెట్టుకోకు. సారా చీరలు అట్టపెట్టెలో కట్టి జిలానితో పంపుతున్నాను. పైన ఉన్న పసుపుపచ్చది నువ్వు కట్టుకో.

ఇంతే సంగతులు,
మనోహరం

తా.క.: పచ్చడి ఎవరికీ పంచలేదు. మూత తీయగానే రూమ్‌లో అందరూ బయటికి వెళ్ళిపోయారు.

---

రూవి.

బావగారికి, వందనాలు తరువాత చెబుతాను.

మీ ఉత్తరం వార్డులో నిలబడి చదివాను. పేషెంటు బెల్లు కొడుతున్నా వినపడలేదు. పైకి వెళ్ళడం ఏమిటి? ఎవరీ ఫాబ్రిజియో? ఎప్పుడు పోయాడు? పోయినవాడు రమ్మంటే ఎవరైనా సరేనంటారా? ఎండ లేని పచ్చటి చోటు గురించి పాస్టర్‌గారు ప్రతి భూస్థాపనలోనూ చెబుతారు. ఎవరు ఎప్పుడు వెళ్ళాలో ప్రభువు చూసుకుంటాడు, మీరు కాదు.

పాస్టర్ ఫెలిక్స్‌గారిని ఈ బస్సులోనే పంపుతున్నాను. ఆయనకు బస్సు పడదు, అయినా వస్తున్నారు. మిమ్మల్ని ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలొద్దని అఖీల్‌కి ఫోన్‌లో చెప్పాను. చీరల పెట్టె విప్పలేదు, విప్పను.

మీ గురించే ప్రార్థనలో ఉన్న
ఎవాంజలిన్

తా.క.: పాస్టర్‌గారికి దారిలో వికారం పెడితే వాసన చూడ్డానికి నిమ్మకాయ ఇచ్చాను. దాన్ని పచ్చడి చేసుకోమని ఇచ్చాననుకుని మీ చేతికిస్తారేమో, తీసుకోకండి.

---

దుక్మ్.

ఎవాకి, తల మీద ఇంకా పాస్టర్‌గారి చేతుల బరువుతో బావ రాసేది.

ఎంత పని చేశావు. ఆయన బస్సు దిగీ దిగగానే మెస్సులోకి వచ్చి నా తల మీద రెండు చేతులూ వేసి ప్రార్థన మొదలుపెట్టారు. అన్నం వరస మొత్తం ఆగిపోయింది. అఖీల్ కూరగాయల కత్తి దాచేశాడు. ఎక్కడ దాచాడో ఇప్పుడు అతనికే గుర్తులేదు. ఉల్లిపాయలు పిడికిలితో పగలగొట్టుకుని తింటున్నాం. నేను స్నానానికి వెళితే బయట ఇద్దరు నిలబడి నాచేత కీర్తనలు పాడిస్తున్నారు. గొంతు ఆగితే తలుపు తోస్తారట. "పాడండి సార్, మీరు పాడుతుంటే మాకు ధైర్యం" అంటాడు అఖీల్.

ఫాబ్రిజియో నిక్షేపంలా ఉన్నాడు. మా సైట్ ఇంజినీరు, ఇటలీ ఆయన. పని అయిపోయి వాళ్ళ దేశం వెళ్ళాడు. సాయంత్రాలు ఇద్దరం సైకిళ్ళు తొక్కేవాళ్ళం. నేను చెప్పిన కొండలూ అడవీ వాళ్ళ ఊరివి. ఆ అడవిలో వేట నిషేధం, అందుకే జింకలకి భయం లేదు. నేను సెలవు పెట్టి అక్కడ సైకిలు తొక్కడానికి వెళ్తున్నాను. పైకి అంటే కొండపైకి.

పాస్టర్‌గారికీ ఇదే చెప్పాను. ఆయన కాసేపు నా మొహంలోకి చూసి, మెస్సంతా వినపడేలా, "మనోహరంగారు ఇటలీ వెళ్తున్నారు, దేవునికి స్తోత్రం" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు.

మీ బావ,
మనోహరం

తా.క.: పాస్టర్‌గారు నా సైకిలెక్కి ఇసకలో పడ్డారు. మడమ బెణికిందట, కదలలేనన్నారు. నా మంచం మీద ఆయన, కింద నేను. కంబళి ఇచ్చేసినందుకు ఇప్పుడు బాధగా ఉంది.

---

రూవి.

బావగారికి, సిగ్గుతోనూ కోపంతోనూ వందనాలు.

సరే, వెళ్ళండి. కాలవగట్టు తప్ప ఎత్తు ఎరగని పాలకొల్లు మనిషికి యాభై దాటాక కొండ మీద సైకిలా అని అడగను. సంఘంలో అందరికీ చెప్పేశాను. ఆదివారం మీ ప్రయాణం కోసం ప్రార్థన కూడా చేశారు. ఇంక మానుకోవడానికి వీల్లేదు. వీసా కాగితాలు నేనే నింపుతున్నాను. మీరు వచ్చి వేలిముద్రలు వేస్తే చాలు.

మోకాళ్ళ పట్టీలు, కడుపునొప్పి బిళ్ళలు, మఫ్లరు మూట కట్టాను. ఆయాసం వస్తే దిగి నడవండి. ఎవరూ చూడరు.

ఎవాంజలిన్

తా.క.: హమ్రియా బజారులో సైకిలు వాళ్ళు వేసుకునే నిక్కరు కొన్నాను. వెనకాల దిండు పెట్టి కుట్టారు. పాడైపోయిన సరుకు అంటగట్టారని దుకాణం ఆయనతో దెబ్బలాడాను. అది అలాగే ఉండాలట. ఆయనకు మీరే క్షమాపణ చెప్పాలి, నాకు మొహం చెల్లదు.

---

ఇటలీ.

ఎవాకి,

పోస్టులో వేస్తే నేనే ముందొస్తానని, ఈ కాగితాన్ని ఫాబ్రిజియో ఫోన్‌లో ఫొటో తీసి పంపుతున్నాడు.

ఇక్కడ చదునైన నేల లేదు. ద్రాక్షతోటల మధ్య దారి ఎక్కుతుంది, అయిపోయిందనుకుంటే మలుపు తిరిగి మళ్ళీ ఎక్కుతుంది. సైకిలుకి గేర్లు చాలా ఉన్నాయి. ఏది ముట్టుకుంటే ఏమవుతుందోనని మొదటి కొండంతా ఒకే గేరులో తొక్కాను. నెరిసిన జుట్టు ముసలమ్మ ఒకావిడ తన సైకిలు మీద నన్ను దాటిపోతూ "కొరాజ్జో" అని అరిచింది. తిట్టిందనుకున్నాను. ధైర్యం అని అర్థమట.

కొండ పైన అడవి. చెస్ట్‌నట్ చెట్ల కింద దిగి కూర్చున్నాను. ఇంత నీడ సారా ఎప్పుడూ చూడలేదు కదా అనిపించింది. ఆసుపత్రిలో ఏడవలేదు, భూస్థాపనలో ఏడవలేదు. అక్కడ ఏడ్చాను. అడవి గార్డు ఒకాయన వచ్చి, సైకిలు చెడిపోయినందుకు ఏడుస్తున్నాననుకున్నాడు. నేను ఏడ్చినంతసేపూ పక్కనే గొంతుక్కూర్చుని చైను బాగుచేశాడు. ఆ చైనుకి ఏ రోగమూ లేదు. నా ఏడుపు ఆగాక ఆయనా లేచి, చేతులు గడ్డికి తుడుచుకుని, భుజం తట్టి వెళ్ళిపోయాడు.

నీకు ఒక నిజం చెప్పాలి. నేను నీకు ఆ మొదటి ఉత్తరం రాసేనాటికి ఇటలీ ప్రయాణం లేదు. ఫాబ్రిజియో రమ్మన్న మాట నిజమే. నేను రానన్నాను. కుక్కరు ఇచ్చేసింది, చీరలు పెట్టెలో కట్టి పంపింది ఇటలీ కోసం కాదు. నువ్వు సరిగ్గానే చదివావు. మెస్సులో అందరూ చూస్తుంటే సిగ్గేసి, నోటికొచ్చిన ఊరు చెప్పాను. పాస్టర్‌గారు దాన్ని చాటేశారు. ఇంతలో, నేను అడగకుండానే, ఫాబ్రిజియో మళ్ళీ రమ్మని రాశాడు. వెళ్ళక తప్పింది కాదు.

ఇప్పుడు అలా లేను. దిగులు ఉంది, పోదు. కానీ పొద్దున లేవగానే ఏ దారి తొక్కాలా అని చూస్తున్నాను. అందుకే చెబుతున్నాను.

మనోహరం

తా.క.: కొండ దిగేటప్పుడు రెండు బ్రేకులూ వదలకుండా పట్టుకున్నాను. కాలిన వాసన వచ్చింది. గోదావరి డెల్టా వాళ్ళకి ఎక్కడమూ రాదు, దిగడమూ రాదని ఫాబ్రిజియోకి చెప్పాను.

---

రూవి.

ప్రియమైన బావగారికి,

నాకు తెలుసు.

ఇటలీ వెళ్తున్నానని మీరు రాసిన ఉత్తరం అందిన రోజే జిలాని దగ్గర నంబరు తీసుకుని ఫాబ్రిజియోగారికి ఫోన్ చేశాను. "నేను పిలిచాను, ఆయన రానన్నాడు" అన్నారు. వార్డు మెట్ల మీద కూర్చుండిపోయాను. తరువాత, "ఇంకోసారి పిలవండి, నేను చెప్పానని చెప్పకండి" అన్నాను. మీరు చెప్పిన అబద్ధాన్ని నిజం చెయ్యడం తప్ప నాకు వేరే దారి తోచలేదు. అందుకే సంఘంలో చాటింపు వేశాను, నిక్కరు కొన్నాను.

పాస్టర్‌గారికీ మీ మొహం చూడగానే తెలిసిపోయిందట. ఆయన మడమకి ఏమీ కాలేదు. మీ రూమ్‌లో ఉండిపోవడానికి ఇంకో సాకు దొరకలేదన్నారు. కావాలని పడింది మాత్రం కాదట, సైకిలు నిజంగానే పడేసిందట.

అక్క ఉన్న వార్డులో నాకు డ్యూటీ పడ్డప్పుడల్లా ఎవరో ఒకరితో మార్చుకుంటూ వచ్చాను. మీకు చెప్పలేదు. ఆ వరండా దాకా వెళ్ళినా కాళ్ళు వెనక్కి తిరిగేవి. రేపు మళ్ళీ అక్కడే వేశారు. ఈసారి మార్చుకోలేదు.

మీ మరదలు,
ఎవాంజలిన్

తా.క.: ఆ ముసలమ్మ అరిచిన మాట ఎలా పలకాలో ఫాబ్రిజియోగారి చేత గట్టిగా చెప్పించి పంపండి. పొద్దున డ్యూటీకి ముందే కావాలి.