వార్డెన్ గారు కూడా చదివే ఉత్తరం

ఫిబ్రవరి, 2003

చిరంజీవి అనీస్‌కి అమ్మ దువా చేసి రాస్తున్నది. ఇక్కడ నాన్న, చెల్లెలు నజ్మీన్, నేను క్షేమం. నువ్వూ క్షేమమేనని రాశావు గానీ నేను నమ్మలేదు. ఎందుకో కింద చెబుతాను.

ముందుగా వార్డెన్ గారికి నమస్కారం. పిల్లలకు వచ్చే ఉత్తరాలైనా వాళ్ళు రాసేవైనా మీరు చదివాకే కదులుతాయని మావాడు చెప్పాడు. చదవండి. మీకు తెలియాల్సిన సంగతులు కూడా ఇందులో ఉన్నాయి.

ఇక నీ ప్రశ్నలు. మిరప రెండో కోత అయింది, కాయలు కల్లంలో ఆరబోశాం. నజ్మీన్‌కి జ్వరం తగ్గింది. నీ సైకిల్ తొక్కుతూ బెల్లు విరగ్గొట్టింది, అడిగితే నువ్వే విరగ్గొట్టి వెళ్ళావంటోంది.

ఆ తర్వాత రాసిన మాటకి మాత్రం ఒళ్ళు మండింది. ఈసారి వచ్చేటప్పుడు యూనివర్సిటీ బ్యాగు తేవద్దని, చదువుకుంటున్నానని నీ స్నేహితుల దగ్గర అనొద్దని రాశావు. వాళ్ళు నవ్వుతారట. నవ్వనీరా. బ్యాగు తెస్తాను. నేను ఎం.ఏ.లో చేరి ఏడాది దాటింది, ఎంతమంది నవ్వారో నీకేం తెలుసు? చేరిన రోజు ఆఫీసులో గుమాస్తా "పేరెంట్స్ బయట కూర్చోవాలమ్మా" అన్నాడు. "పేరెంటునే, సీటు కూడా నాదే" అన్నాను. క్లాసులో మొదట్లో అందరికీ ఆంటీనే. ఇప్పుడు పక్కన కూర్చునే శ్రీరమ్య నన్ను "జానీ" అంటుంది. పెళ్ళయ్యాక నన్నలా పిలిచినవాళ్ళు లేరు. కల్లంలో కూర్చుని రాసుకున్న నోట్సు తెరిస్తే మిరప ఘాటుకి బెంచీ అంతా తుమ్ములే. లెక్చరరు గారు ఇప్పుడు కిటికీలు తీయించాకే పాఠం మొదలుపెడుతున్నారు.

జాన్ బాషా పెదనాన్న సంగతి నీకు తెలుసు కదా. మొన్న కల్లంలోకి వచ్చి, "ఏరా ఖాదరూ, నీ పెళ్ళాం కుర్రపిల్లలతో బస్సెక్కి పోతా ఉంటే నలుగురూ ఏమనుకుంటారు?" అన్నాడు. మీ నాన్న తలెత్తకుండా, "ఏమన్నా అనుకోనీలే గానీ, కాయలు తొక్కుతున్నావు, ఇట్టా జరుగన్నా" అన్నాడు.

రెండు బస్సులు మారి వెళ్ళాను, నిలబడి వెళ్ళాను, మాటలు పడ్డాను. అయినా చెబుతున్నా, నువ్వు పుట్టిన ఏడాది తర్వాత నాకు ఇంత బాగా గడిచిన ఏడాది ఇదే. ఎవరేమన్నా దీన్ని వదులుకోను.

ఇప్పుడు నువ్వు దాచిన మాట. ఉత్తరం చివర ఒక వాక్యం రాసి కొట్టేశావు. నీ చేత అక్షరాలు దిద్దించింది నేనే, కొట్టేసినా నాకు కనపడింది. "ఎంసెట్‌లో సీటు రాకపోతే నాన్నకి మొహం చూపించలేను, ఇంటికి రాను" అని రాశావు. వారం వారం పరీక్షలు పెడుతున్నారనీ, మార్కులు తగ్గితే సెక్షన్ మార్చి అందరి ముందూ నిలబెడుతున్నారనీ పైన నువ్వే రాశావు. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థమైంది. వార్డెన్ గారూ, అది మీరూ చదివే ఉంటారు. చదివి, కవరు అంటించి పంపారు. మాకు ఒక్క ఫోన్ చేయలేదు.

నేనూ ఒకటి దాచాను. సెమిస్టర్ ఫలితాలు వచ్చి చాలా రోజులైంది. స్టాటిస్టిక్స్ తప్పాను. క్లాసులో తప్పింది నేనొక్కదాన్నే. ఇంట్లో ఫలితాలు ఇంకా రాలేదని చెప్పాను, పెదనాన్న నోటికి భయపడి. నీ ఉత్తరం చదివాక ఆ భయం పోయింది, కోపం వచ్చింది. పొద్దున మీ నాన్నకి చెప్పేశాను. ఆయన రంగు పోయిన తాలుకాయలు ఏరుతూ, "మళ్ళీ రాయనిస్తారా?" అన్నాడు. "రాయనిస్తారు" అన్నాను. "అయితే రాయి. అన్నం తిన్నావా?" అన్నాడు. నువ్వు మొహం చూపించలేనన్న నాన్న ఈయనేరా.

తర్వాత నువ్వు కొట్టేసిన మాట చదివి వినిపించాను. చేతిలో కాయలు కింద పెట్టేశాడు. ఆదివారం నీ దగ్గరికి వస్తున్నానని చెప్పాను. "నేనూ వస్తా" అన్నాడు. కాయలు కల్లంలో ఉండగా ఆయన ఊరు దాటడం నేను ఇంతవరకూ చూడలేదు.

ఆదివారం పొద్దున్నే ఇద్దరం కాలేజీ గేటు దగ్గర ఉంటాం. తల్లిదండ్రులు వచ్చే రోజు కాదని వార్డెన్ గారు గేటు తీయకపోతే బయటే కూర్చుంటాం. నాకు చదవాల్సిన పేపరు ఒకటి ఉంది, పొద్దు పోతుంది. నువ్వు మాత్రం కిందికి రావాలి. పెట్టె సర్దుకుని వస్తావో, మాతో మాట్లాడి మళ్ళీ పైకి వెళ్తావో నీ ఇష్టం. పరీక్షలు ఇంటి నుంచి వెళ్ళి కూడా రాయొచ్చు, కనుక్కున్నాను. సీటు వచ్చినా రాకపోయినా నీ ఇల్లు ఇదే. తప్పినవాళ్ళ మొహం ఎలా ఉంటుందోనని నీకు భయమైతే, ఆ రోజు నా మొహం చూడు. అందరి ముందూ తలెత్తుకునే నిలబడతాను.

ఇట్లు,
మీ అమ్మ జానీబీ,
ఎం.ఏ. రెండో సంవత్సరం, ఒక పేపరు మిగిలింది.