చేపల్లేని నీళ్లు

జూన్ 9, 2024. ఆదివారం

ఇవాళ తొట్టి పెట్టాం. రెండున్నర అడుగుల గాజు తొట్టి. మా ల్యాబ్ ఓనర్ కొడుక్కి మోజు తీరిపోయి మూలన పడేస్తే అడిగి తెచ్చాను. టీవీ తీసేసి, తమ్ముడు అరుణ్ మంచానికి ఎదురుగా ఆ టేబుల్ మీదే పెట్టాం. మా అమ్మ, మేం అవ్వ అంటాం, రుసరుసలాడింది. టీవీ తీసి నీళ్లు చూస్తరా, అక్కకూ తమ్మునికీ ఒక్కసారే పిచ్చి లేసిందా అంది.

అరుణ్ షార్జాలో తొమ్మిదేళ్లు చేపల షాపులో పనిచేశాడు. రెండు కిడ్నీలూ పోగొట్టుకుని పోయిన దీపావళికి మా ఊరు నస్పూర్ తిరిగొచ్చాడు. ముప్పై ఏళ్లు. మంగళ, గురు, శనివారాలు మంచిర్యాలలో డయాలసిస్. అవ్వకు షుగర్, కిడ్నీ ఇవ్వడానికి లేదు. నాది ఏబీ, వాడిది ఓ. ఏబీ వాళ్లం ఎవరి దగ్గరైనా తీసుకోవచ్చు, ఓ వాడికి మాత్రం ఇవ్వలేం. ల్యాబ్ టెక్నీషియన్‌ని కదా, ఈ ముక్క నాకు ఏ డాక్టరూ చెప్పాల్సిన పని లేకపోయింది.

నా సంసారం సంగతి ఇందులో రాయను. మూడేళ్లుగా అవ్వ దగ్గరే ఉంటున్నాను, అంతే.

జూన్ 10

చేపలు ఎప్పుడు తేవాలి అంటే ఇప్పుడే కాదన్నాడు. పాఠం చెప్పాడు. చేప వదిలే మురికి నీళ్లలో అమ్మోనియా అవుతుంది. అది విషం. దాన్ని తినే బ్యాక్టీరియా పుడితే నైట్రైట్ చేస్తుంది. అదీ విషమే. ఇంకో రకం పుట్టి దాన్ని నైట్రేట్ చేస్తే అప్పుడు భయం లేదు. ఇవన్నీ పుట్టడానికి నాలుగైదు వారాలు పడుతుంది. అందాకా చేపల్లేకుండా మనమే కొంచెం కొంచెం అమ్మోనియా వేస్తూ వాటిని పెంచాలట.

అవ్వ గుమ్మంలో చిక్కుడుకాయ తుంచుతూ వింటోంది. గా పురుగులు నీళ్లల్ల ఉంటయారా అని అడిగింది. నీళ్లల్ల తక్కువ అవ్వా, గీ ఫిల్టర్ స్పాంజిల ఉంటయి, ఇది ఆరొద్దు, నల్లా కింద కడగొద్దు, ఆరితే సస్తయి అన్నాడు. అవ్వ మూతి తిప్పింది.

ఇంత తతంగం ఎందుకురా, రెండు చేపలు వేస్తే పోలే అన్నాను. అప్పుడు చెప్పాడు. షార్జాలో కొత్త తొట్టి వస్తే అగ్గువ ధర చేపలు పది ఏసేటోళ్లం అక్కా, అవి సచ్చుకుంట నీళ్లు మంచిగ చేసేటియి, పొద్దుగాల చిన్న వలతోని తీసి పారేసేది నేనే, తొమ్మిదేండ్లు గదే పని అన్నాడు. నెత్తురుల మురికి ఎక్కితే ఎట్లుంటదో గిప్పుడు ఎరుకైంది, నా తొట్టిల ఒక్కటి గూడ గట్ల సావొద్దు అన్నాడు.

నా చెయ్యి పట్టుకుని ఒట్టు వేయించుకున్నాడు. నడుమల నేనే అడిగినా తేవద్దు, నాకు ఓపిక తక్కువ అని.

జూన్ 11

అమ్మోనియా ఎక్కడ దొరకాలి? నవసాగరం. అమ్మోనియం క్లోరైడే కదా, ఇంటర్ కెమిస్ట్రీ ఇన్నాళ్లకు పనికొచ్చింది. కిరాణా షాపతను నన్ను కిందికీ మీదికీ చూసి లేదన్నాడు. గుడుంబా కాచేవాళ్లు కొనే సరుకది.

చివరికి నిజాముద్దీన్ చాచా దగ్గరికి వెళ్లాను. ఇత్తడి గిన్నెలకు కళాయి పూస్తాడు, కాలిన గిన్నె మీద నవసాగరం చల్లి రుద్దుతాడు. గుడుంబ బట్టి పెట్టినవా బిడ్డా, జర పోలీసోళ్లకు నా పేరు చెప్పకు అన్నాడు. సంగతి చెప్పాక నవ్వు ఆపేశాడు. మంచి తెల్లటి ముక్కలు ఏరి, కాగితంలో పొట్లం కట్టి ఇచ్చాడు. తమ్మునికి నా సలాం చెప్పు అన్నాడు.

జూన్ 13

అమ్మోనియా 2. నైట్రైట్ 0.

జూన్ 17

అదే. ఏమీ పుట్టలేదు. పక్కింటి అనసూర్య వచ్చి, లైటు వేసి మరీ ఖాళీ నీళ్లు చూస్తున్నారేంటని నవ్విపోయింది. అవ్వ ఆమెతో కలిసి నవ్వింది.

జూన్ 20

అమ్మోనియా 2. నైట్రైట్ 0. అరుణ్ క్రియాటినిన్ 9.4. రెండు రిపోర్టులూ ఒకే పెన్నుతో రాశాను.

జూన్ 23

వాడికి రోజుకి ఏడువందల యాభై మిల్లీలీటర్ల నీళ్లు. టీ, పప్పుచారు అన్నీ అందులోనే. నీలం సీసాలో పొద్దున్నే కొలిచి పోస్తాను. ఇవాళ మధ్యాహ్నానికే అయిపోయాయి. ఎదురుగా ఎనభై లీటర్ల నీళ్లు, గాలి బుడగలు పైకి పోతున్నాయి. వీడు నాలుకతో పెదాలు తడుపుకుంటూ చూస్తున్నాడు. తొట్టి తీసేద్దామా అన్నాను. వద్దక్కా, సూస్తాంటే దూప జర తగ్గుతది అన్నాడు.

అబద్ధం. నాకు తెలుసు.

జూన్ 27

ఊదా రంగు! సీసాలో తొట్టి నీళ్లు పట్టి పరీక్ష చుక్కలు వేశానో లేదో ఊదా తిరిగింది, అంటే నైట్రైట్ పుట్టింది. ఆటోలోంచి వాణ్ని ఇంకా దింపనేలేదు, సీసా పట్టుకుని బయటికి పరిగెత్తాను. డయాలసిస్ అయిన రోజు వాడికి మాట కూడా రాదు. అయినా నవ్వాడు. వచ్చినయా అన్నాడు. పోయిన దీపావళి నుంచి వాడు నవ్వగా చూడలేదు.

కండ్లకు కనబడని పురుగులకు గింత సంబురమా అంది అవ్వ. కానీ సాయంత్రం తొట్టి ముందు వంగి చాలాసేపు చూసింది. గివన్నీ ఏం తింటయిరా, నవసాగరమేనా అని అడిగింది.

జూలై 6

అమ్మోనియా వేసిన మర్నాటికి సున్నా అవుతోంది. నైట్రైట్ మాత్రం దిగడం లేదు. రెండో రకం మందకొడివట.

వాడి కాళ్లు వాచాయి. రెండు దిండ్లు పెడితే గానీ పడుకోలేకపోతున్నాడు.

జూలై 14. ఆదివారం

ఇవాళ అడిగాడు.

అక్కా, ఒక్కటి తే, ఒక్కటే, ఎర్ర గప్పీ చేప అన్నాడు. నైట్రైట్ 2 ఉందిరా, నాలుగు రోజులు ఆగు అన్నాను. ఇంకోసారి అడిగాడు. నువ్వే కదా ఒట్టు వేయించుకున్నావ్ అన్నాను. కరెక్టే అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

అవ్వ వంటింట్లోకి పిలిచి తిట్టింది. నీకు దిల్ లేదానే, పిలగాడు నోరు తెరిచి అడిగితే ఇయ్యరాదా అంది. ల్యాబ్‌లో కూడా నేనింతే, సరిగ్గా తేలనిదే ఏ రిపోర్ట్ మీదా సంతకం పెట్టను అన్నాను. గొప్పగానే అన్నాను.

జూలై 17

మొహర్రం, పీరీల పండుగ. ల్యాబ్‌కి సెలవు. మా వీధిలోకి పీరీలు వస్తే అరుణ్‌ని కుర్చీలో గుమ్మం దాకా తెచ్చాం. అవ్వ బిందెడు నీళ్లు తీసుకెళ్లి వాటిని ఎత్తుకున్నవాళ్ల కాళ్ల మీద పోసి మొక్కింది.

నైట్రైట్ 0.25. రేపటికి సున్నా. శుక్రవారం చేపలు తెద్దాం అన్నాను. నేను గూడ షాపుకొస్త, ఏరుడు నీకు రాదు, తోక సక్కగ ఇప్పేది సూడాలె అన్నాడు. నిద్రలోకి జారేదాకా తోకల గురించే చెప్పాడు.

జూలై 18

ఉదయం 11:40. డయాలసిస్ మంచం మీద.

జూలై 20

రాయాలి. రాయకపోతే తల పగిలేలా ఉంది.

నిన్న వాడి పాడె వెంట గోదావరి ఒడ్డు దాకా వెళ్లాను. స్నానం చేసి తడిబట్టలతో ఇంటికి వస్తే వాకిలంతా నీళ్లు. డ్రమ్ము బోర్లించి ఉంది. బిందెలు బోర్లించి ఉన్నాయి. లోపల తొట్టిలో తడి గులకరాళ్లు తప్ప చుక్క లేదు. హనుమండ్లు మామ, అవ్వకు అన్న, బకెట్‌తో తోడి పారబోశాడట. నలభై రోజుల నీళ్లు మోరీలోకి పోయాయి.

ఊళ్లో ఆనవాయితీ నాకు తెలియదా? శవం లేచిన ఇంట్లో నిలవ నీళ్లు ఉంచరు. నాన్న, మా బాపు, పోయినప్పుడు నేనే బిందెలు వంచాను. ఈ తొట్టి సంగతి మామకు ఒక్కమాట చెప్పి వెళ్దామన్న ధ్యాసే లేకపోయింది. చుట్టాలందరి ముందూ మామ మీద అరిచాను. ఏమేమన్నానో గుర్తు లేదు. శవం లేసినంక ఇంట్ల చుక్క నీళ్లు ఉంచొద్దు బిడ్డా, చేపలు గూడ లేవాయె, నాకేమెరుక అన్నాడు. పాపం ఆయన తప్పేముంది. తొట్టి పక్కన కూలబడి ఏడ్చాను. తమ్ముడి కోసం ఏడుస్తున్నానని అందరూ అనుకున్నారు.

నాలుగు రోజులు ఆగమన్నాను. సరిగ్గా నాలుగు రోజులు. ఆ ఆదివారమే ఒక గప్పీ తెచ్చి ఉంటే చూసేవాడు. లేక అది నోరు తెరిచి కొట్టుకుంటుంటే చూసేవాడేమో. ఏది మేలో ఇప్పటికీ తేలడం లేదు. నా మీద నాకే అసహ్యంగా ఉంది.

అవ్వ మూలన చాప మీద కూర్చుని ఉంది. ఆడవాళ్లు ఎంత చెప్పినా లేవలేదట. చీర మార్చుకోలేదట. ఒడి అంతా తడిసి ఉంది. దగ్గరికి వెళ్తే నా చెయ్యి పట్టుకుని కొంగు లోపలికి లాక్కుంది. మెత్తగా, చల్లగా తగిలింది. స్పాంజి. తడి తువ్వాలలో చుట్టి ఉంది. మీ మామ నీళ్లు తోడవట్టిండు, నేను గిది గుంజుకున్న, పిలగాడు ఆరొద్దన్నడు గదనే అంది.

ఇద్దరం అప్పుడు ఏడ్చాం, వాడి కోసం.

జూలై 21

స్పాంజి స్టీలు క్యాన్‌లో పెట్టాను, గాలి పంపు నడుస్తోంది. ఇప్పుడు ఇవన్నీ ఎందుకమ్మా అని అనసూర్య అంది. అవ్వే జవాబిచ్చింది. నీకెందుకు, నీ పని సూస్కో అంది.

జూలై 23

తొట్టిలో కొత్త నీళ్లు. క్లోరిన్ పోవాలని నిన్నటి నుంచి డ్రమ్ములో ఉంచినవి. స్పాంజి మళ్లీ లోపల పెట్టాను.

నిజాముద్దీన్ చాచా వచ్చాడు. తొట్టి ముందు ప్లాస్టిక్ కుర్చీలో కాసేపు కూర్చున్నాడు. లేచేటప్పుడు జేబులోంచి కాగితం పొట్లం తీసి నా చేతిలో పెట్టాడు. నడుమల ఇడిసిపెట్టకు బిడ్డా అన్నాడు.

జూలై 28

పదకొండో రోజు. చుట్టాలు వెళ్లిపోయారు. నీలం సీసా ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే కిటికీలో ఉంచాం. సాయంత్రం అవ్వ తనే అడిగి నవసాగరం వేసింది.

జూలై 29. ఉదయం 6:10

అమ్మోనియా 0. నైట్రైట్ 0.

ల్యాబ్ ఫారంలో పేషంట్ పేరు దగ్గర అరుణ్ అని రాసి సంతకం పెట్టాను. రిపోర్ట్ పదకొండు రోజులు లేటు.

ఎర్రటిది ఏ షాపుల దొరుకుతదని అవ్వ అడిగింది. చెప్పులు వేసుకుని ఉంది.