నీటిగుర్రం పొట్ట కింద

నగర సుందరీకరణ ఆఫీసు గుమాస్తా గారికి,

సంత వీధిలో బట్టలు కుట్టుకునే టైలరమ్మ నమస్కరించి రాయునది. మీరు కూడళ్లన్నిట్లో రంగులేసిన జంతువుల బొమ్మలు పెట్టించారు కదా. చాలా బాగున్నాయి. నేను ఒక్కొక్కటే వెతుక్కుంటూ తిరుగుతున్నాను. ఏనుగు చెవి వెనక చూశాను, తాబేలు మెడ కింద చూశాను, ఎలుగుబంటి చంక కూడా వదల్లేదు. ఇక పోస్టాఫీసు ముందున్న నీటిగుర్రం ఒక్కటే మిగిలింది. దాని పొట్టకీ నేలకీ మధ్య నా చెయ్యి దూరుతుంది గాని తల దూరదు. మావారు దాని కింద నాకోసం ఒకటి దాచారు. అది చూసేదాకా నాకు కుదురు లేదు. దయచేసి దాన్ని రెండు జానలు పైకి ఎత్తించండి. ఒక్కసారి చూసుకుని వెళ్లిపోతాను.

ఇట్లు,
టైలరమ్మ

తా.క.: మొన్న దాని పక్కన పడుకుని తొంగి చూస్తుంటే, కళ్లు తిరిగి పడిపోయాననుకుని మీ వాచ్‌మన్ నా మొహాన నీళ్లు కొట్టాడు. మంచివాడే. కాకపోతే అవి బొమ్మని కడిగిన నీళ్లు.

*

టైలరమ్మ గారికి,

తమ అర్జీ అందింది. తక్షణమే చర్య తీసుకున్నాం. పొడుగుకర్ర చీపురుతో నీటిగుర్రం కింద ఊడిపించగా ఒక దువ్వెన, ఎడమకాలి చెప్పు, సగం తిన్న మొక్కజొన్న కంకి దొరికాయి. ఇందులో తమది ఏదో తెలియజేయగలరు. అయితే వస్తువు పెట్టినవారే స్వయంగా వచ్చి సంతకం చేసి తీసుకోవాలని మా రూలు. కనుక మీవారిని పంపించండి.

తమ విధేయుడు,
గుమాస్తా

తా.క.: కంకి తమదైతే త్వరపడండి. చీమలు మీకన్నా ముందే వచ్చాయి.

*

గుమాస్తా గారికి,

అవేవీ నావి కావు బాబూ. మావారికి రావడానికి వీలుపడదు. నేను అడిగింది నేల సంగతి కాదు, పొట్ట సంగతి. మావారు బోర్డులు రాసే పెయింటరు. మీ బొమ్మల్లో కొన్నిటికి రంగులేసింది ఆయనే, ఆ నీటిగుర్రంతో సహా. ఎవరూ చూడని చోట ఆయన ఎలాంటి పనులు చేస్తారో ఇన్నేళ్లు కాపురం చేసినదాన్ని, నాకు తెలియదా? ఒక్కసారి దాన్ని ఎత్తించి చూడండి, మీకే తెలుస్తుంది.

ఇట్లు,
టైలరమ్మ

తా.క.: ఆ చెప్పు వాచ్‌మన్‌దేమో అడగండి. మొన్న కుంటుతున్నాడు.

*

టైలరమ్మ గారికి,

కట్టుకున్న భర్త అని కూడా చూడకుండా ఆయన నాసిరకం పనిని బయటపెట్టిన తమ నిజాయితీకి మా సూపరింటెండెంటు గారు చలించిపోయారు. ఊళ్లో ఉన్న జంతువులన్నిటి పొట్టలకూ తెల్లరంగు వేయించమని ఆర్డరు ఇచ్చారు. సోమవారం క్రేన్ తెప్పించి నీటిగుర్రంతోనే మొదలుపెడతాం. మీవారికి సంజాయిషీ నోటీసు విడిగా పంపుతున్నాం.

తమ విధేయుడు,
గుమాస్తా

తా.క.: చెప్పు వాచ్‌మన్‌దే. తమకు కృతజ్ఞతలు చెప్పమన్నాడు.

*

బాబూ,

నోటీసు వచ్చింది. ఆయన ఫోటో ముందు పెట్టాను. సంజాయిషీ ఇవ్వరు. ఆయన కాలం చేసి ఏడాది దాటింది.

మొదటే చెప్పాల్సింది. చెబితే పిచ్చిదాన్నని నవ్వుతారని ఊరుకున్నాను. ఆయన ఏ బోర్డు రాసినా అందులో ఎక్కడో ఒక చిన్న పిచ్చుకను దాచేవారు. ఆదివారం నన్ను షికారని తీసుకెళ్లి ఆ బోర్డు కింద నిలబెట్టి, వెతుకు, అనేవారు. దొరికేదాకా ఇంటికి కదలనిచ్చేవారు కాదు. నేను తంటాలు పడుతుంటే పక్కన నిలబడి నవ్వేవారు. ఆసుపత్రి మంచం మీద కూడా అదే నవ్వు. "అన్నిటికన్నా మంచిది నీటిగుర్రానికి పెట్టాను, నీకు దొరకదు పో" అన్నారు.

ఇప్పుడు ఒక్కదాన్నే వెతుకుతున్నాను. దొరికితే అదే ఆఖరిది కదా అని దిగులు. అయినా చూడాలి బాబూ. తెల్లరంగు వేయించకు. నీకు దండం పెడతాను.

టైలరమ్మ

తా.క.: మీ ఆఫీసు బోర్డు కూడా ఆయన రాసిందే. పిచ్చుక ఎక్కడుందో చెప్పను.

*

అమ్మా,

ఇది ఆఫీసు కాగితం కాదని గమనించే ఉంటారు. మీ ఉత్తరం నా చేతికి వచ్చేసరికే క్రేన్ పోస్టాఫీసు దగ్గరికి బయల్దేరి వెళ్లిపోయింది. అన్నం సగంలో వదిలేసి పరిగెత్తాను. రంగు వేసే మనిషి, పైకెత్తిన నీటిగుర్రం కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. బ్రష్ చేతిలోనే ఉంది. రంగు వెయ్యడం లేదు, పైకి చూస్తూ నవ్వుకుంటున్నాడు. నేనూ పక్కన పడుకుని చూశాను.

ఏముందో నేను చెప్పకూడదు. మీరే చూసుకోవాలి. నీటిగుర్రాన్ని ఇటుకల మీద నిలబెట్టించాను. దించకపోవడానికి కారణం 'రంగు ఆరవలసి ఉన్నది' అని ఫైల్లో రాశాను. మీరు వచ్చేదాకా ఆరదు. ఆ నోటీసు చించెయ్యండమ్మా, నన్ను క్షమించండి.

గుమాస్తా

తా.క.: మా బోర్డు కింద ఆఫీసంతా మెడలు పట్టేసేలా నిలబడ్డాం. సూపరింటెండెంటు గారు నిచ్చెన కూడా ఎక్కారు. పిచ్చుక కనబడలేదు.

*

బాబూ,

చూశాను.

పిచ్చుక కోసం వెళ్లానా, అక్కడ నేనున్నాను. మెడలో కొలతల టేపు, ముక్కు మీదకి జారిన కళ్లద్దాలు, నేల మీద పడుకుని చిరాగ్గా తొంగి చూస్తున్నాను. అచ్చం అప్పుడు నేను ఎలా ఉన్నానో అలాగే. పిచ్చుక నా జుట్టు ముడి మీద కూర్చుని ఉంది, బొమ్మలో ఉన్న నాకు కనబడకుండా. ఇన్నేళ్లూ నేను పిచ్చుకల్ని చూస్తుంటే ఆయన నన్ను చూస్తూ ఉన్నారన్నమాట. కింద ఆయన బోర్డు అక్షరాలతో రాసి ఉంది: 'దొరికిందిగా. ఇక లే, మోకాళ్లు పట్టేస్తాయి.'

నిజంగానే పట్టేశాయి. చాలాసేపు లేవలేదు, లేవాలనీ అనిపించలేదు. చివరికి వాచ్‌మన్ చెయ్యిచ్చి లేపాడు. ఈసారి మంచినీళ్లే ఇచ్చాడు. నీటిగుర్రాన్ని ఇక దించెయ్యి నాయనా. అది అక్కడ ఉందని తెలిస్తే నాకు చాలు.

టైలరమ్మ

తా.క.: మీ బోర్డు మీద పిచ్చుక దొరక్కపోతే ఆదివారం నేనొస్తాను. చూపించడానికి కాదు. మీరు వెతుకుతుంటే పక్కన నిలబడి నవ్వడానికి.